నమలని గింజ ఒంటికి పట్టదు



ఈమధ్య ఏ సూపర్‌మార్కెట్‌కు వెళ్లినా ఒక అలమర నిండా గింజల డబ్బాలే కనిపిస్తున్నాయి. గుమ్మడి గింజలు, పొద్దుతిరుగుడు గింజలు, అవిసె గింజలు, చియా, ఇవన్నీ కలిపేసిన ‘సీడ్స్ మిక్స్’. డబ్బా మీద ఎర్రటి గుండె బొమ్మ ఒకటి. ఫోను తెరిస్తే ఇంకా గోల. పరగడుపున ఒక చెంచా మింగితే షుగరు పోతుందని ఒకరు, మోకాళ్ల నొప్పులు పోతాయని ఒకరు, ఊడిన జుట్టు తిరిగి మొలుస్తుందని ఇంకొకరు. జుట్టు మాట పక్కన పెడదాం. గింజల్లో పోషకాలు ఉన్న మాట నిజం, దండిగానే ఉన్నాయి. కాకపోతే డబ్బా మీద అచ్చువేసిన అంకె వేరు, మన ఒంటికి పట్టేది వేరు. ఆ రెండింటి మధ్య తేడా ఎక్కడ వస్తుందో ఈ పూట చెప్పుకుందాం.

ముందు చిన్న లెక్క. వెయ్యి నువ్వుగింజలు తూకం వేస్తే ఇంచుమించు మూడు గ్రాములు. ఒక పెద్ద చెంచాడు నువ్వులు తొమ్మిది, పది గ్రాములు ఉంటాయి. అంటే ఆ చెంచాలో మూడు వేల గింజలు! నోట్లో పోసుకుని ఎంత ఓపికగా నమిలినా పంటి కిందికి వచ్చి చిట్లేవి ఎన్ని ఉంటాయో మీరే ఊహించుకోండి. నోట్లో నువ్వుగింజ నానదని కొందరిని ఎద్దేవా చేస్తాం గానీ, నువ్వుగింజ ఎవరి నోట్లోనూ నానదు. నాలుక మీద నుంచి జారి నేరుగా కడుపులోకి పోతుంది. అక్కడా దాని పొట్టు అంత తేలిగ్గా లొంగదు.

లొంగకపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు. మొక్క గింజను మన కోసం తయారు చేసుకోలేదు. లోపల పిల్ల మొక్క ఉంటుంది. దానికి వేరు దిగి, ఆకు వేసి, ఎండను పట్టుకునే దాకా బతకడానికి కావలసిన సరంజామా అంతా తల్లి మొక్క ముందే సర్ది పెడుతుంది. శక్తికి నూనె, కండకు మాంసకృత్తులు, ఇంకా భాస్వరం, మెగ్నీషియం, ఇనుము, జింకు. ఇంత చిన్న వస్తువులో ఇన్ని పోషకాలు ఉండటానికి కారణం అదే. ఎండకు, వానకు, పురుగుకు, పిట్ట కడుపులోని ఆమ్లానికి తట్టుకునేలా దాని చుట్టూ గట్టి పొట్టు బిగించడానికి కారణమూ అదే. గింజను తినాలంటే ముందు ఆ పొట్టు పగలాలి. వేయించో, దంచో, నూరో, నానబెట్టో, ఏదో ఒక పని జరగాలి. మన వంటిళ్లలో గింజలు పొడులుగా, పచ్చళ్లుగా, ఉండలుగా ఎక్కువగా కనిపించడానికి రుచి ఒక్కటే కారణం కాదని నా నమ్మకం.

నువ్వుల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఇది మన ఉపఖండంలోనే సాగుకు లొంగిన పంట. హరప్పా తవ్వకాల్లో మాడిన నువ్వుల ముద్ద బయటపడింది. అంటే నాలుగు వేల ఏళ్లకు పైగా మనతో ఉన్న గింజ. మన ఎలమంచిలి పరిశోధన స్థానం నుంచే ఎన్నో నువ్వుల రకాలు పొలాలకు వెళ్లాయి. సంక్రాంతికి అరిసె మీద అద్దినా, తెలంగాణలో సకినాల పిండిలో వాముతో కలిపినా, వంకాయ కూరలో నూరి పోసినా ఈ గింజ లేనిదే పని జరగదు.

నువ్వుల గురించి అందరూ చెప్పే మాట ఒకటుంది, పాలకంటే నువ్వుల్లో కాల్షియం ఎక్కువని. పట్టిక చూస్తే నిజమే. వంద గ్రాముల పాలలో 120 మిల్లీగ్రాములు ఉంటే, పొట్టుతో ఉన్న నువ్వుల్లో వెయ్యి మిల్లీగ్రాముల ప్రాంతంలో ఉంటుంది. మన దేశపు పట్టికల్లో ఇంకా ఎక్కువే కనిపిస్తుంది. ఇక్కడ మూడు మెలికలున్నాయి. వంద గ్రాముల నువ్వులు ఎవరూ తినరు, తినకూడదు కూడా. చెంచాడు తింటే వచ్చేది వంద మిల్లీగ్రాములు, గ్లాసుడు పాలలో అంతకు రెట్టింపు దాటి ఉంటుంది. ఇది మొదటి మెలిక. రెండోది, ఆ కాల్షియంలో ఎక్కువ భాగం పొట్టులోనే ఉంటుంది. తెల్లగా మెరిసే పొట్టు తీసిన నువ్వులు కొంటే కాల్షియం పదో వంతుకో, అంతకన్నా తక్కువకో పడిపోతుంది. షాపులో ఆ తెల్లనివే ఖరీదు! మూడోది అసలైన మెలిక. పొట్టులోని కాల్షియం ఆక్సలేట్ అనే పదార్థంతో ముడిపడి ఉంటుంది. ఆ ముడి పేగుల్లో సులువుగా విడదు. కాబట్టి పట్టికలో ఉన్నదంతా ఎముకలకు చేరుతుందని లెక్క వేసుకోవద్దు. ఎముకల కోసమే అయితే పాలు, పెరుగు, రాగులు ముందు. రాగుల్లో వంద గ్రాములకు 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. పైగా రాగిసంకటి చెంచాతో కాదు, ముద్దలతో తింటాం.

మరి నువ్వులు దేనికి? నా ఉద్దేశంలో పప్పు కోసం. కందిపప్పు, పెసరపప్పు, శెనగపప్పుల్లో మాంసకృత్తులు బాగా ఉంటాయి, కానీ మిథియోనిన్ అనే ఒక ముక్క తక్కువ. మాంసకృత్తులను మన శరీరం చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి తనకు కావలసినట్టు మళ్లీ పేర్చుకుంటుంది. ఒక్క ముక్క తక్కువైనా పేర్చే పని అక్కడే ఆగుతుంది. పప్పులో తక్కువైన ఆ మిథియోనిన్ నువ్వుల్లో పుష్కలం. నువ్వుల్లో తక్కువైన లైసిన్ అనే ఇంకో ముక్క పప్పులో పుష్కలం. పప్పన్నంలో నువ్వుల పొడి కలుపుకుని తినే ఇళ్లు మనకు చాలా ఉన్నాయి. మాంసం, గుడ్డు ముట్టని కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు.

నువ్వుల్లో సగం బరువు నూనే. అయినా ఆ నూనె చాలాకాలం చెడకుండా ఉంటుంది. సెసమిన్, సెసమోలిన్ వంటి పదార్థాలు దాన్ని గాలి నుంచి కాపాడతాయి. వేయించినప్పుడు, శుద్ధి చేసినప్పుడు సెసమోలిన్‌లో కొంత సెసమోల్‌గా మారుతుంది, అది ఇంకా గట్టి కాపలాదారు. ఆవకాయకు నువ్వుల నూనె పోయడం వెనక రుచితో పాటు ఈ నిలవ గుణం కూడా ఉంది.

కోస్తా జిల్లాల్లో ఆడపిల్ల పెద్దమనిషి అయితే చిమ్మిలి చేసి పెడతారు. నువ్వులు, బెల్లం రోట్లో వేసి, నూనె ఊరి ముద్దయ్యే దాకా దంచుతారు. ఇందులో నేను మెచ్చేది ఆ దంచడమే. రోకటి పోటుకు పొట్టు పగిలి లోపలి నూనె బయటికి వస్తుంది. ఇనుము కూడా కొంత దొరుకుతుంది, అయితే చెంచాడుకు ఒక మిల్లీగ్రాము పైచిలుకే. మన జాతీయ సిఫారసు ప్రకారం స్త్రీకి రోజుకు కావలసింది 29 మిల్లీగ్రాములు. కాబట్టి రక్తహీనత ఉన్న పిల్లకు చిమ్మిలి పెట్టండి, ఐరన్ మాత్రలు మాత్రం ఆపకండి.

ఇక అవిసె గింజలు. గోధుమ రంగులో, నున్నగా, చేతిలో పోసుకుంటే వేళ్ల సందుల్లోంచి జారిపోతాయి. వీటి ప్రత్యేకత ఒమేగా-3 కొవ్వు. మన వంటల్లో వాడే పొద్దుతిరుగుడు నూనె లాంటి వాటిలో ఒమేగా-6 రకం కొవ్వు బాగా ఉంటుంది, ఒమేగా-3 ఇంచుమించు ఉండదు. చేప తినే ఇళ్లకు కొంత దొరుకుతుంది. తినని ఇళ్లకు అవిసెలే పెద్ద దిక్కు. వంద గ్రాముల్లో 22 గ్రాముల దాకా ఉంటుంది. ఒక పెద్ద చెంచాడు పొడిలో ఒకటిన్నర గ్రాములు. అమెరికా పోషకాహార నిపుణులు మగవారికి రోజుకు 1.6 గ్రాములు, ఆడవారికి 1.1 గ్రాములు చాలంటారు. అంటే ఒక్క చెంచాడు పొడితో దాదాపు పని అయిపోయినట్టే. ఒక్క తిరకాసు ఉంది. చేపలో ఉన్న ఒమేగా-3, అవిసెలో ఉన్న ఒమేగా-3 ఒకటి కావు. అవిసెలోని దాన్ని మన శరీరం చేప రకంగా మార్చుకోగలదు కానీ, ఆ మార్చుకునేది చాలా కొంచెం. చేప తినేవారు చేప మానేసి అవిసెకు మారనక్కరలేదు.

కెనడాలో ఒక పరీక్ష జరిగింది. కాళ్లలో రక్తనాళాలు పూడుకుపోయిన 110 మందిని తీసుకున్నారు. వారిలో కొందరికి రోజుకు 30 గ్రాముల అవిసె పొడిని బన్నుల్లో, ఇతర పదార్థాల్లో కలిపి ఆరు నెలలు పెట్టారు, మిగతా వారికి అవిసె లేనివి. 2013లో ఫలితాలు వచ్చాయి. అవిసె తిన్నవారి రక్తపోటులో పై అంకె సుమారు 10, కింది అంకె సుమారు 7 తక్కువగా ఉంది. తినే గింజకు ఇది చాలా పెద్ద ఫలితం. అయితే గమనించండి, వాళ్లు తిన్నది పొడి, చిటికెడు కాదు 30 గ్రాములు, ఒక వారం కాదు ఆరు నెలలు. వాడుతున్న మందులను పక్కన పడేసి తిన్నదీ కాదు.

అవిసె గింజను అలాగే మింగితే ఏమవుతుందో మొహమాటం లేకుండా చెప్పాలంటే, మర్నాడు పొద్దున అలాగే బయటికి వస్తుంది. పీచు పనికి కాస్త ఉపయోగం తప్ప లోపలి కొవ్వు మనది కాదు. కాబట్టి పొడి కొట్టుకోవాలి. దళసరి మూకుడు పొయ్యి మీద పెట్టి, నూనె చుక్క వేయకుండా, సన్నని సెగ మీద వేయించండి. రెండు మూడు నిమిషాలకు గింజలు ఉబ్బి చిటపటమని మూకుడు దాటి ఎగురుతాయి. ఆ చప్పుడు కాస్త తగ్గుముఖం పట్టగానే దించేయాలి. ఒక గింజ నోట్లో వేసుకుంటే కరకరలాడాలి, పంటికి జిగురు తగలకూడదు. జిగురు తగిలితే ఇంకా వేగలేదన్నమాట. అదే మూకుట్లో ఎండుమిరపకాయలు, జీలకర్ర, కాస్త చింతపండు వెచ్చచేసి, అన్నీ పూర్తిగా చల్లారాక ఉప్పు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు చేర్చి మిక్సీలో వేయండి. మిక్సీని ఏకబిగిన తిప్పొద్దు, ఆపి ఆపి తిప్పాలి. ఏకబిగిన తిప్పితే వేడికి నూనె బయటికి వచ్చి పొడి కాస్తా ముద్ద కడుతుంది. వేడన్నంలో, జొన్నరొట్టెలో, దోసె మీద, ఎలాగైనా బాగుంటుంది. ఒకేసారి నెలలకు సరిపడా చేసి పెట్టుకోవద్దు. ఒమేగా-3 కొవ్వు గాలి తగిలితే తొందరగా పాడవుతుంది. వారం పది రోజులకు సరిపడా చేసుకుని, గాజు సీసాలో మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. ముక్కిన వాసన వస్తే, పొడి ఎంత మిగిలినా పారబోయడమే.

ఒమేగా-3 మాట వచ్చింది కాబట్టి వలిసెల గురించి ఒక మాట. చలికాలం మొదట్లో అరకు వెళ్లినవాళ్లు పసుపుపచ్చని పూల మధ్య నిలబడి ఫొటోలు దిగుతారు కదా, ఆ పూలు వలిసెలవి, వెర్రినువ్వులని కూడా అంటాం. గిరిజన రైతులు నూనె కోసం పండిస్తారు. ఉత్తర కర్ణాటకలో వీటిని పొడి కొట్టి జొన్నరొట్టెతో తింటారు. రుచి అద్భుతం. కానీ ఇందులో ఉన్నదీ ఎక్కువగా ఒమేగా-6 కొవ్వే. అవిసె చేసే పని ఇది చేయదు.

మెంతుల సంగతికి వస్తే, షుగరు మీద మెంతుల ప్రభావాన్ని పద్ధతి ప్రకారం పరీక్షించిన చోటు మన హైదరాబాదే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో చిన్న ప్రయోగశాలగా మొదలై తర్వాత ఇక్కడికి వచ్చిన సంస్థ అది. అక్కడి శాస్త్రవేత్తలు చిన్నవయసులోనే వచ్చే రకం మధుమేహం ఉన్నవారికి పది రోజులు మెంతిపొడి కలిపిన ఆహారం, పది రోజులు కలపని ఆహారం పెట్టి చూశారు. 1990లో ఫలితాలు అచ్చయ్యాయి. పరగడుపు షుగరు తగ్గింది. మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గింది. కొలెస్ట్రాల్ కూడా తగ్గింది. మెంతుల్లో ఉన్న జిగురు పీచు అన్నంలోని చక్కెర రక్తంలోకి దూకకుండా నిదానంగా వెళ్లనిస్తుంది.

ఇంతవరకు విని సంతోషపడే వారికి ఒక అంకె చెప్పాలి. ఆ పరీక్షలో రోజుకు పెట్టింది వంద గ్రాముల మెంతిపొడి, అదీ నూనె తీసేసినది. వంద గ్రాములు! పోపులో వేసే పది గింజలతోనో, రాత్రి నానబెట్టి పొద్దున మింగే అరచెంచాతోనో అంత ఫలితాన్ని ఎదురుచూడటం అత్యాశ. తర్వాత రోజుకు 25 గ్రాములతోనూ పరీక్షలు జరిగాయి, అదీ తక్కువేమీ కాదు. మెంతులు తినొద్దనడం లేదు. మొలకెత్తించి పెసలతో కలిపి తింటే చేదు కాస్త తగ్గుతుంది, మజ్జిగలో పొడి కలుపుకోవచ్చు. కానీ మందు మానేయడానికి మెంతులు సాకు కాకూడదు. మందు వేసుకుంటూ మెంతులు బాగా పెంచితే షుగరు మరీ పడిపోవచ్చు, అందుకని డాక్టరు చెవిన ఒక మాట వేయండి.

గింజలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న ఒక చిక్కు ఫైటిక్ ఆమ్లం. భాస్వరాన్ని మొక్క ఈ రూపంలో దాచుకుంటుంది. కడుపులోకి వెళ్లాక ఇది ఇనుమును, జింకును పట్టుకుని వదలదు. నానబెడితే, మొలకెత్తిస్తే, వేయిస్తే కొంత తగ్గుతుంది. పొడి కలిపిన అన్నం మీద నిమ్మకాయ పిండుకుంటే ఇనుము కొంత ఎక్కువగా ఒంటికి పడుతుంది. భోజనం అవగానే టీ, కాఫీ తాగితే ఇందుకు విరుద్ధం. గంట ఆగి తాగండి.

సబ్జా, చియాల గురించి క్లుప్తంగా. సబ్జా మనకు ఎండాకాలం షర్బతులో, ఫలూదాలో పాత నేస్తం. చియా మధ్య అమెరికా ప్రాంతం నుంచి వచ్చింది, ఒమేగా-3 విషయంలో అవిసెకు దగ్గరగా ఉంటుంది, ధరలో మాత్రం కాదు. రెండూ నీళ్లు పీల్చుకుని జిగురుగా ఉబ్బుతాయి. చియా అయితే తన బరువుకు పదింతల నీళ్లు పీలుస్తుంది. 2014లో అమెరికా వైద్యుల సభలో ఒక సంగతి చెప్పారు. ఒక 39 ఏళ్ల మనిషి చెంచాడు పొడి చియా గింజలు నోట్లో వేసుకుని గ్లాసు నీళ్లు తాగాడు. గింజలు అన్నవాహికలోనే ఉబ్బి అడ్డం పడ్డాయి. గొట్టం వేసి అడ్డు తొలగించాల్సి వచ్చింది. కాబట్టి ముందు గ్లాసులో ఉబ్బనివ్వండి, తర్వాతే తాగండి. ముసలివారికి, మింగడం కష్టమైనవారికి ఇంకా జాగ్రత్త.

ఇప్పుడు అసలు తినకూడని గింజల మాట. అడవి ఆముదం కాయలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, లోపలి పప్పు బాదంపప్పులా తియ్యగా ఉంటుంది. బడి పిల్లలు ఆడుకుంటూ తిని, వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలైన వార్తలు పత్రికల్లో తరచు చూస్తూనే ఉంటాం. మామూలు ఆముదం గింజల్లో రైసిన్ అనే విషం ఉంటుంది. నూనె తీశాక అది పిండిలో ఉండిపోతుంది కాబట్టి ఆముదం తాగిన మనవాళ్లు బతికి బట్టకట్టారు. గురివింద గింజ ఇంకా ప్రమాదం. పొట్టు గట్టిది కావడం వల్ల పొరపాటున మింగినా చాలాసార్లు చెక్కుచెదరకుండా బయటికి పోతుంది, అదే నమిలితే ప్రాణం మీదికి వస్తుంది. ఇందాక అవిసె గింజ విషయంలో మనకు నష్టం చేసిన పొట్టే ఇక్కడ ప్రాణం కాపాడుతుందన్నమాట. అయినా దాన్ని నమ్ముకోకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

గింజలు పడనివారూ ఉంటారు. నువ్వులు తింటే దద్దుర్లు, పెదవులు వాచడం, ఊపిరాడకపోవడం కొందరికి జరుగుతుంది. అమెరికాలో 2023 జనవరి నుంచి ఆహార పొట్లాల మీద నువ్వుల పేరు తప్పనిసరిగా అచ్చువేయాలని చట్టమే వచ్చింది. అక్కడున్న మన పిల్లలకు అరిసెలు పంపేటప్పుడు, వాటిని ఇరుగుపొరుగు పిల్లలకు పంచేముందు అడగమని ఒక మాట చెప్పండి. మూత్రపిండాల్లో ఆక్సలేట్ రాళ్లు వచ్చినవారు పొట్టు నువ్వులు తగ్గించాలి. బరువు తగ్గాలనుకునేవారు ఇంకో అంకె గుర్తుంచుకోవాలి. చాలా నూనెగింజలు వంద గ్రాములకు 500 నుంచి 600 కెలోరీలు ఇస్తాయి. టీవీ ముందు డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే అన్నం తగ్గించిన లాభమంతా అక్కడే పోతుంది. రోజుకు ఒకటి రెండు పెద్ద చెంచాలు చాలు, అన్ని రకాలూ కలిపి.

పొద్దుతిరుగుడు గింజల్లో విటమిన్-ఇ బాగా ఉంటుంది. గుప్పెడు తింటే పది మిల్లీగ్రాములు దొరుకుతుంది. వాటి గురించి అంతకన్నా చెప్పాల్సింది పెద్దగా లేదు.

గుమ్మడి గింజల కోసం మాత్రం మీరు షాపుకు వెళ్లొద్దని నా సలహా. తియ్యగుమ్మడికాయ కోసినప్పుడు లోపలి పీచునూ గింజలనూ కలిపి చెత్తబుట్టలో వేస్తాం. ఆ గింజల పప్పులో వంద గ్రాములకు 30 గ్రాముల దాకా మాంసకృత్తులు, 550 మిల్లీగ్రాములకు పైగా మెగ్నీషియం ఉంటాయి. ఒక చిన్న గుప్పెడు, అంటే పాతిక ముప్ఫై గ్రాములు తింటే ఆడవారికి రోజుకు కావలసిన మెగ్నీషియంలో మూడో వంతుకు పైగా దొరుకుతుంది, జింకు అదనం. ఆ గుప్పెడు డబ్బాలో కొంటే కూరకు తెచ్చిన గుమ్మడి ముక్కకంటే ఎక్కువ ధర! గింజలను పీచు పోయేలా నీళ్లలో పిసికి కడిగి, పళ్లెంలో పలుచగా పరిచి రెండు రోజులు ఎండబెట్టండి. బాగా ఎండిందీ లేనిదీ గింజను విరిస్తే తెలుస్తుంది, టక్కుమని విరగాలి. తర్వాత సన్నని సెగ మీద వేయించి, కాస్త ఉప్పునీళ్లు చిలకరించి మళ్లీ ఆరేదాకా కలపండి. మన గుమ్మడి గింజకు తెల్లని పెంకు ఉంటుంది, పంటితో అంచు కొరికి పప్పు లాక్కోవాలి. షాపులో దొరికే పచ్చని పప్పుల్లో కొన్ని అసలు పెంకే పుట్టని రకం నుంచి వస్తాయి. ఆస్ట్రియా దేశపు స్టిరియా ప్రాంతంలో పందొమ్మిదో శతాబ్దంలో పుట్టిన రకం అది. మన ఇంటి గింజ పెంకు ఒలవడానికి సమయం పడుతుంది కాబట్టి ఎక్కువ తినలేం, అది కూడా మంచిదే. పిల్లలు ఒలిచి తింటామంటే ఇవ్వండి, అయిదేళ్ల లోపు వారికి మాత్రం గింజలుగా కాక పొడి కొట్టి పెట్టండి. గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది.